కనకయ్య బాపు ఎర్ర పెన్సిల్

కనకయ్య బాపు చనిపోయిన సంగతి ఆయన భార్య వెంకటమ్మవ్వ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను భూపాలపల్లిలో, మా ఐటీఐ ల్యాబులో పిల్లలకు సోల్డరింగ్ నేర్పిస్తున్నాను. "బిడ్డా సరోజా, మీ బాపు మొన్న పొద్దుగాల పోయిండు. మట్టి గూడ అయిపాయె. ఆగమాగంల నీకు చెప్పుడు మర్సిపోయిన" అంది. "అట్లనా అవ్వా" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, పాఠం ఎక్కడ ఆపానో అక్కడి నుంచే అందుకున్నాను. మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం తిన్నాను. పప్పులో ఉప్పు తక్కువైందని కూడా గమనించాను. సాయంత్రం ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కున్నాను. మూడేళ్లు నన్ను ఇంట్లో పెట్టుకున్న మనిషి పోతే ఏడుపు రావాలి కదా అని ఆరేసిన బట్టల మధ్య నిలబడి కాసేపు ఎదురుచూశాను. రాలేదు.

పదకొండో రోజుకు స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లాను. పరకాల, హనుమకొండ మీదుగా రెండు బస్సులు మారేసరికి ఎండ ముదిరింది. పట్టాల పక్కన ఆ ఇల్లు అలాగే ఉంది. ముందు రెండు గదులు, వెనక వంటిల్లు, పక్కన నేనున్న రేకుల గది. చుట్టాలు తిని వెళ్లిపోయారు. హైదరాబాదులో పనిచేసే వాళ్ల కూతురు అలసిపోయి లోపల పడుకుంది. వెంకటమ్మవ్వ నన్ను చూసి లేవబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. ఆవిడ ఏడవలేదు. "ఏడ్సి ఏడ్సి ఎండిపోయిన బిడ్డా" అంది. ఇద్దరం గోడకానుకుని కూర్చున్నాం. కాసేపటికి ఆవిడే ఇనుప పెట్టె చూపించి, "ఆయన కాగితాలు గండ్ల ఉన్నయి. మాకు సమజ్ కావు. నీకు పనికొచ్చేటివి ఉంటే తీసుకపో" అంది.

పెట్టెలో రైల్వే వాళ్లిచ్చిన పాత డైరీలు, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు ఎప్పుడెప్పుడు పోశాడో రాసుకున్న పుస్తకం, వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన ఒక చార్టు కాగితం ఉన్నాయి. విప్పకముందే అదేమిటో తెలిసింది. నేను పదిహేడేళ్లప్పుడు గీసిన పవర్ బ్యాంక్ సర్క్యూట్. నా నల్ల గీతల మీద ఆయన ఎర్ర పెన్సిల్ గుర్తులు. నా గీతలకన్నా ఆయనవే ఎక్కువున్నాయి.

మాది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. పదో తరగతి తర్వాత జనగామలో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో సీటు వచ్చింది. హాస్టల్లో చోటు దొరకలేదు. మా నాయిన లచ్చు ఘన్‌పూర్ వైపు పత్తి ఏరడానికి వచ్చినప్పుడు ఎవరో ఈ రేకుల గది సంగతి చెప్పి, జనగామకు రోజూ రైల్లో పోయి రావచ్చన్నారట. నన్ను తీసుకొచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. "ఏం సదువు?" అని అడిగాడు కనకయ్య బాపు. కరెంటు చదువులాంటిదని మా నాయిన చెప్పాడు. "ఆడివిల్ల కరెంటు సదువుతదా? మంచిదే. ఉండమను" అన్నాడాయన. నేను సార్ అని పిలవబోతే, "నేను బడి చెప్పినోన్ని గాదు. సార్ గీర్ అనకు" అన్నాడు. ఘన్‌పూర్‌లో అందరూ ఆయన్ని సిగ్నల్ కనకయ్య అనేవాళ్లు. రైల్వేలో సిగ్నళ్లు చూసే పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉండి రిటైరయ్యాడు. నేను బాపూ అని పిలవడం ఏ రోజు మొదలుపెట్టానో గుర్తులేదు.

ఆ ఇంట్లో పొద్దు పొడవడానికి గడియారం అక్కర్లేదు. మొదటి ప్యాసింజర్ కూతకు వెంకటమ్మవ్వ పొయ్యి రాజేసేది. తడిసిన కట్టెల పొగ, దాని వెనకే జొన్న రొట్టె మాడే వాసన రేకుల సందుల్లోంచి నా మంచం దాకా వచ్చేవి. బాపు అరుగు మీద అద్దం పెట్టుకుని పట్టాల వైపు తిరిగి గడ్డం గీసుకునేవాడు. వెళ్లే బండి ఏదో కూతను బట్టి చెప్పేవాడు. ఎన్ని నిమిషాలు ఆలస్యమో కూడా చెప్పేవాడు. ఆయన చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర చిన్న చిన్న రంధ్రాలుండేవి. కొత్తవాటికి కూడా నెల తిరగకుండా పడేవి. ఇన్వర్టర్ బ్యాటరీ మూతలు విప్పి, నీళ్లు పోసి, తినే సోడా కలిపిన గుడ్డతో తుడవడం ఆయన సోమవారం పని. ఆ బ్యాటరీ ఎన్నేళ్లదో ఆయనకే తెలియదు. యాసిడ్ చుక్కలు పడి చొక్కాలు పోతున్నాయని అవ్వ గొణిగేది. రొట్టెలోకి ఎల్లిపాయ కారం, పల్చటి సల్ల. నాకు రెండు రొట్టెలు ఎక్కువయ్యేవి. "తండ పిల్లవు, గట్టి తిండి తినాలె" అని మూడోది వేసేది. మా యాడి చేసే రొట్టె ఇంకా మందంగా ఉంటుందని, ఒకటి తింటే చాలని ఆవిడకు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

యాడి అంటే మా భాషలో అమ్మ. మా యాడి చాందీ మా తండాకూ పక్కనున్న మరో రెండు తండాలకూ ఆశా కార్యకర్త. నీలం అంచు చీర, భుజాన సంచి, అందులో రిజిస్టరు, ఇనుము గోలీలు, ఒక చిన్న బటన్ ఫోను. ఎవరికి నెలలు నిండాయో, ఎవరి బిడ్డకు సూది వేయించాలో ఆమెకు రిజిస్టరు విప్పకుండానే గుర్తుండేది. నేను రెండో ఏడాదిలో ఉండగా వానాకాలంలో తండాకు రెండు రోజులు కరెంటు రాలేదు. మా బాబాయి కోడలు జమునకు నెప్పులొచ్చాయి. యాడి ఫోను చచ్చిపోయి ఉంది. తండాలో ఉన్న మరో మూడు ఫోన్లూ అంతే. మా నాయిన బురదలో పడుతూ లేస్తూ పక్క ఊరికి పరుగెత్తి, అక్కడ ఫోన్ దొరికించుకుని అంబులెన్స్‌కు చెప్పేసరికి చాలా ఆలస్యమైంది. జమున బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ తర్వాత వారానికి నేను ఇంటికి వెళితే యాడి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. జరిగింది చెప్పమని అడిగాను. "ఏమున్నది చెప్పనీకి? ఫోన్ల చార్జింగ్ లేకుండె" అంది. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. జమున మా ఇంట్లోనే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పుట్టింటికి పోనంది, అత్తింట్లో ఉండనంది. నేను ఘన్‌పూర్ తిరిగొచ్చిన రోజే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

అప్పటికి పవర్ బ్యాంకులు పట్నం షాపుల్లో వచ్చాయి గానీ మాలాంటి వాళ్ల చేతుల్లోకి రాలేదు. జనగామలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు చెత్తలో పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. ప్లాస్టిక్ పగలగొడితే లోపల బొటనవేలంత సెల్స్ ఉంటాయి. కొన్ని చచ్చిపోయి ఉంటాయి, కొన్నిట్లో ఇంకా ప్రాణముంటుంది. ప్రాణమున్న మూడింటిని పక్కపక్కన కలిపాను. వాటిని నింపడానికి ఒక చిన్న చార్జింగ్ బోర్డు, అవి ఇచ్చే మూడున్నర వోల్టులను ఫోనుకు కావలసిన ఐదుకు పెంచడానికి ఇంకో బోర్డు, మధ్యలో ఒక స్విచ్చి. అన్నీ ఒక గులాబి రంగు సబ్బు పెట్టెలో సర్దాను. స్విచ్చి వేయగానే నా ఫోనులో చార్జింగ్ బొమ్మ కదిలింది. ఆ రోజు నేను ఎంత సంతోషించానో ఇప్పుడు తలుచుకుంటే అది వేరెవరి సంతోషమో అనిపిస్తుంది.

సర్క్యూట్‌ను చార్టు మీద శుభ్రంగా గీసి కాలేజీలో మా లెక్చరర్‌కు చూపించాను. ఆయన చార్టు వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూసి, "వెరీ గుడ్ అమ్మా. దీన్నే ప్రాజెక్టుగా పెట్టేయ్" అని మూలన సంతకం చేశాడు. ఫోన్లో ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవాళ్ల గ్రూపు ఒకటుండేది. అందులో ఫోటో పెట్టాను. వరసగా బొటనవేలు బొమ్మలొచ్చాయి. "సూపర్ చెల్లీ" అని ఇద్దరు రాశారు. అవన్నీ చదువుకుని, దసరా సెలవులకు వెళ్లినప్పుడు సబ్బు పెట్టెను యాడి చేతిలో పెట్టాను. "కరెంటున్నప్పుడు దీన్ని చార్జింగ్ పెట్టు. కరెంటు పోయినంక దీంతోని ఫోన్ చార్జ్ చేసుకో" అన్నాను. యాడి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని సంచిలో పెట్టుకుంది.

కనకయ్య బాపుకు చూపించడం నాకు చివరికి తోచిన పని. అదైనా అవ్వ అన్నందుకు. "గన్ని దినాలసంది గీకుతున్నవు, మీ బాపుకు చూపియ్యరాదు? బ్యాటరీలతోనే ఆయన బతుకంత గడిచె" అంది. ఆయనకు తెలిసినవి యాసిడ్ బ్యాటరీలు, ఈ కొత్త సెల్స్ సంగతి ఆయనకేం తెలుసని నా మనసులో. అయినా చార్టు, కాలేజీ కంప్యూటర్ మీద అచ్చు తీయించుకున్న ఆ సెల్ తాలూకు వివరాల కాగితాలు ఇచ్చాను. లెక్చరర్ సంతకం కనబడేటట్టు పట్టుకున్నాను. బాపు మొదట ఆ సంతకాన్నే చూశాడు. "ఈ సార్ ఎంతసేపు చూసిండు?" అని అడిగాడు. చూశాడులే బాపూ అన్నాను. "నాకు టైం గావాలె. ఇంగ్లీషుల ఉన్నది. నిమ్మళంగ చదువుకుంట" అన్నాడు. చదివి చెప్తానంటే వద్దన్నాడు. పాత నిఘంటువు ఒకటి పక్కన పెట్టుకుని, గడ్డం గీసుకోవడం అయ్యాక, మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఆ ఎనిమిది పేజీలూ వేలు పెట్టి చదివాడు. పది రోజులు పట్టింది. నేను కాలేజీకి పోతూ వస్తూ ఓరకంట చూసేదాన్ని. మంచి మాట ఒకటి పడేయడానికి ఇంతసేపా అనుకునేదాన్ని.

అది నా ఇంటర్నల్ పరీక్షలు అయిపోయిన మర్నాడు, శనివారం. పొద్దున రొట్టెలు తిన్నాక బాపు నన్ను అరుగు మీదికి పిలిచి చార్టు పరిచాడు. ఆయన దగ్గర రైల్వే నాటి పెన్సిల్ ఉండేది, ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. చార్టు నిండా ఎరుపే ఉంది.

"చేతిపని సాపుగున్నది. గీత గూడ సక్కగున్నది" అన్నాడు. "ఇగ నేను అడుగుత, నువ్వు చెప్పు. గీ సెల్లు నిండినంక ఎవలాపుతరు?"

"చార్జింగ్ బోర్డు ఆపుతది బాపూ."

"ఒక్క సెల్లుకైతే ఆపుతది. నువ్వు మూడు కలిపినవ్. మూడూ ఒక్క ఈడువేనా? ఒకటి ముసలిది, ఒకటి పడుసుది ఉంటె? కలిపేటప్పుడు మూడింటి వోల్టేజ్ చూసినవా?"

చూడలేదు. వెలిగితే చాలనుకున్నాను.

"సరే. ఖాళీ అయినంక ఎవలాపుతరు? గీ రెండో బోర్డు ఆఖరి చుక్క దాక పీకుతనే ఉంటది. గట్ల వట్టిపోయిన సెల్లును మళ్ల చార్జింగుకు పెడితే లోపల ఖరాబైతదని గీ కాగితం మీదనే రాసున్నది. నాలుగో పేజీ. చదివినవా?"

ఆ పేజీ నేను చదవలేదు. నాకు కావలసినవి మొదటి పేజీలోనే ఉన్నాయి.

"లోపట రెండు తీగలు అంటుకుంటె ఎవలాపుతరు? ఒక్క ఫ్యూజన్న పెట్టినవా? మీదికెళ్లి ప్లాస్టిక్ సబ్బు పెట్టె." ఆయన గొంతు పెంచలేదు. ప్రతి ప్రశ్నకూ పెన్సిల్ కొసతో ఎర్ర సున్నా మీద మెల్లగా కొట్టాడు. "బిడ్డా, ఇది పవర్ బ్యాంక్ గాదు. పనిచేస్తది, కాని ఎప్పుడు పనిచేస్తదో ఎప్పుడు కాలుతదో దానికే తెల్వది. ఇట్ల ఎవలకూ ఇయ్యకు. నేను మొన్న గురువారమే అంత రాసిపెట్టిన. పరీక్షలున్నయి గద, నీ మనసు ఖరాబైతదని ఆగిన."

"బాపూ, ఒకటి ఇంటికాడ ఉన్నది. యాడి వాడుతున్నది" అన్నాను.

పెన్సిల్ కింద పెట్టాడు. "ఫోన్ చెయ్" అన్నాడు. చేశాను. స్విచ్ఛాఫ్. మళ్లీ చేశాను. ఆయన లేచి, చెప్పులు తొడుక్కుని, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే స్టేషన్ వైపు నడిచాడు. నేను వెనకాల. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, నేను అడగకుండానే ఒక సంగతి చెప్పాడు. సిగ్నల్ గదిలో బ్యాటరీలన్నీ ఒక వరసలో ఉండేవట. కొలతలు చూసి రిజిస్టరులో సంతకం పెట్టడం ఆయన పని. ఒకరోజు ఎండకు విసిగి, చూడకుండానే సంతకం పెట్టి టీకి వెళ్లాడు. నిండిన బ్యాటరీలు అట్లాగే చార్జి అవుతూ ఉన్నాయి, గదిలో గ్యాసు నిండింది. ఆయన కింద పనిచేసే శంకర్ అనే అతను లోపలికి వెళ్లి స్విచ్చి వేయగానే అది పేలింది. "రెండు కండ్లు పోయినయి. పెండ్లయి ఏడాది గాలె" అన్నాడు బాపు. బండి వచ్చింది. "పో బిడ్డా. టైంకు అందుతవు. దాన్ని ముట్టకు, కట్టెతోని బయటికి నూకు, మీద ఇసుక పొయ్యి" అని కిటికీ పట్టుకుని బండితో పాటు నాలుగడుగులు నడిచాడు.

కాజీపేట, వరంగల్, కేసముద్రం. ప్రతి స్టేషన్లో ఫోన్ చేశాను. మహబూబాబాద్‌లో దిగి ఆటో పట్టుకుని తండా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో, ముగ్గు పక్కన, నల్లటి ముద్ద ఒకటి నేలకు అతుక్కుని ఉంది. గులాబి రంగు ఒక్కచోట అంచున మిగిలి ఉంది.

యాడి లోపల గోడకానుకుని కూర్చుని ఉంది. కుడి చేతికి మోచేతి దాకా దవాఖాన కట్టు. నన్ను చూసి, "ఇయ్యాల కాలేజీ లేదా?" అంది. జమున పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు చేస్తోంది. ఆ బిడ్డ పోయాక ఆమె పని చేయడం నేను చూసింది అదే మొదటిసారి. జమున బయటికి వెళ్లాక యాడి నెమ్మదిగా చెప్పింది. ముందు రోజు, శుక్రవారం పొద్దున, కరెంటు రాగానే పెట్టెను చార్జింగ్ పెట్టి బియ్యం బస్తా మీద ఉంచిందట. పక్కనే జమున పడుకుని ఉంది. కాసేపటికి గోళ్ల రంగు వాసనలాంటిది తియ్యగా వచ్చిందట. చూస్తే పెట్టె ఉబ్బి పొగ వస్తోంది. వైరు పీకి, దాన్ని చేత్తోనే పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తింది. గడప దాటేలోపు మంట లేచింది. విసిరేద్దామంటే కరిగిన ప్లాస్టిక్ చేతికి అతుక్కుని రాలేదు. ఫోను ఆ గాబరాలో కింద పడి పగిలింది.

"దవాఖానల నూనె పడ్డదని చెప్పిన. మీ నాయినకు గూడ గట్లనే చెప్పిన. ఆయన చెరువు కాడికి పోయిండె. జమునకు చెప్పొద్దన్న, చెప్పది" అంది. "గిది నువ్వు చేసిందని తెలిస్తె నిన్ను సదువు బంజేపిస్తరు. నువ్వు గూడ నూనె అనే అను."

నేను తల ఊపాను. ఏడవలేదు. ఆమె ఎడమ చేత్తో నీళ్లు తాగడానికి ఇబ్బంది పడుతుంటే చెంబు పట్టుకున్నాను. శుక్రవారం. బాపు గురువారమే అంతా రాసిపెట్టాడు. ఆ లెక్క నా తలలో తిరుగుతూనే ఉంది గానీ అది ఎవరి మీదికీ పోలేదు, ఎక్కడా ఆగలేదు. వాకిట్లోకి వెళ్లి ఆ ముద్దను పారతో గీకి తీసి పెంటకుప్పలో కప్పేశాను.

సోమవారం ఘన్‌పూర్ తిరిగి వెళ్లాను. బాపు బ్యాటరీ మూతలు విప్పకుండా, స్టేషన్ తోవలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు రోజులుగా ప్రతి బండికీ అట్లాగే వచ్చి నిలబడుతున్నాడని అవ్వ తర్వాత చెప్పింది. "టైంకు పోయినవా బిడ్డా?" అన్నాడు. గురువారం, శుక్రవారం అనే రెండు మాటలు నా నోటి దాకా వచ్చాయి. ఆయన ముఖం చూశాను. గడ్డం గీసుకోలేదు.

"పోయిన బాపూ. తీసి బయటపడేసిన. ఏం గాలేదు."

ఆయన ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, అవ్వను రొట్టె పెట్టమన్నాడు. మూడు రొట్టెలు తిన్నాడు. ఆ సాయంత్రం అరుగు మీదికి వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. "పిల్ల తెలివిగల్లది. తప్పున్నదంటె అలగలె. గా బండికే పోయి తీసి పడేసింది" అని. మర్నాడు టీ కొట్టు దగ్గర చెప్పాడు. ఆ తర్వాత ఎన్నేళ్లయినా, నేను ఎప్పుడు వెళ్లినా, కొత్తవాళ్లు ఎవరుంటే వాళ్లకు చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఆయన భుజాలు కొంచెం తేలికయ్యేవి. నేను పక్కన కూర్చుని నవ్వేదాన్ని.

రెండో పవర్ బ్యాంక్ చేయడానికి ఐదు నెలలు పట్టింది. ప్రతి సెల్‌ను విడిగా నింపి, ఖాళీ చేసి, పుస్తకంలో రాసి, ఒక్క ఈడువి ఏరాం. ఒక్కోదానికి ఒక్కో ఫ్యూజు. నిండితే ఆపేది, ఖాళీ అయితే ఆపేది, తీగలు కలిస్తే ఆపేది, ఆ మూడూ చేసే చిన్న బోర్డు జనగామలో దొరక్కపోతే హైదరాబాదు నుంచి తెప్పించాం. బాపు దాన్ని పదిసార్లు నింపించాడు, పదిసార్లు వట్టిపోయేదాకా వాడించాడు, చేయి పెట్టి వేడి చూశాడు. చివరికి నీలం కొసతో కొత్త చార్టు మీద ఒక్క గీత గీశాడు. అది ఇనుప టిఫిన్ డబ్బాలో నాలుగు వానాకాలాలు పనిచేసింది. జమునకు కూతురు పుట్టిన రోజు కూడా కరెంటు లేదు. యాడి ఎడమ చేత్తో అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. దవాఖానలోనే కాన్పయింది. ఈ సంగతి బాపుకు చెబితే పిల్ల పేరేమిటని అడిగాడు, అంతే.

ఇప్పుడు మా పిల్లలు సర్క్యూట్ ఫోటో తీసి ఫోన్లోని ఏఐని అడిగితే నిమిషంలో జవాబు వస్తుంది. చాలాసార్లు సరైన జవాబే వస్తుంది. నాలుగో పేజీలో ఉన్నదీ చెబుతుంది. దాన్ని నేను తప్పు పట్టను. ఆ రోజుల్లో అది ఉండి ఉంటే గురువారం దాకా కూడా ఆగాల్సిన పని ఉండేది కాదు. కాని మొన్న ఒక అమ్మాయి తనకొచ్చిన జవాబు చూపించి, "అంతా ఓకే వచ్చింది మేడం" అంటే, ఇది ఎవరింట్లో పెడతావని అడిగాను. ఆ అమ్మాయి తెల్లబోయింది. నన్ను ఐటీఐలో మూడు ప్రశ్నల మేడం అంటారు. సంతకం పెట్టడానికి వారం తీసుకుంటానని ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదులు కూడా వెళ్లాయి. నాకు వారం పట్టదు. చూడటం ఒక్క పూటలో అయిపోతుంది. కానీ తప్పు కనబడిందంటే మాత్రం, అవతలివాళ్లకు పరీక్షలున్నా, ఇంట్లో చావున్నా, ఆ నిమిషానే చెప్పేస్తాను. మనసు నొప్పిస్తానని పేరు. ఉండనీ.

పెట్టె మూత వేశాను. వెంకటమ్మవ్వ మంచం వైపు చూస్తూ చెప్పింది. ఆఖరి వారం బాపుకు మనుషులు కలగలిసిపోయారట. శంకర్, బయటికి రా అని కేకలేసేవాడట. "గప్పుడు నేను నీ ముచ్చట చెప్పేది బిడ్డా. సరోజ టైంకు పోయింది, ఏం గాలేదు అని చెప్తె నిమ్మళమయ్యేది. అట్లనే కండ్లు మూసుకుంటుండె."

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడకు చెప్పాల్సిన అవసరం లేదు. చెబితే బాగయ్యేదేమీ లేదు. అయినా నా నోరు తెరుచుకుంది.

"అవ్వా, నేను టైంకు పోలే" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. అంతా చెప్పాను. శుక్రవారం పొద్దున, బియ్యం బస్తా, తియ్యటి వాసన, గడప. బాపు గురువారమే రాసిపెట్టిన సంగతి కూడా దాచలేదు. పాఠం చెబుతున్నట్టే చెప్పాను, గొంతు ఎక్కడా తడబడలేదు. లోపల కూతురు నిద్రలో కదిలింది. బయట గూడ్సు బండి చాలాసేపు పోయింది. అవ్వ నన్ను తిడుతుందేమో, ఇన్నేళ్లు ఆయన్ని అబద్ధంలో ఉంచావంటుందేమో, లేక ఆయన ఆగకుండా ఉంటే బాగుండేదని ఏడుస్తుందేమో అనుకున్నాను. దేనికైనా సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని, నా చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"మీ అమ్మ చెయ్యి ఇప్పుడెట్లున్నది బిడ్డా?" అంది.

ఇన్నేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నూనె పడ్డ చేతి గురించి ఎవరడుగుతారు?

"రెండు వేళ్లు వంగవు అవ్వా" అన్నాను. "బొటనవేలు మీద గీతలు లేవు. రేషన్ షాపుల మిషిన్ తీసుకోదు. రిజిస్టర్ ఎడమ చేత్తోనే రాస్తది. సక్కగనే రాస్తది."